పదమూడు ఇంచీల నడుము

అది రెండు వేల ఇరవై మూడు, ఏప్రిల్ నెల. నూజివీడులో మామిడి సీజనూ పెళ్ళిళ్ళ సీజనూ ఒకేసారి మీద పడతాయి. బజారంతా కాయల ట్రాక్టర్లు, నా షాపంతా గుడ్డల మూటలు. బస్టాండుకి కాస్త ఇవతల, ఒక మందుల షాపు పైన పదడుగుల గదిలో నాది లేడీస్ టైలరింగ్. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా కుడుతున్నాను. రెండు మిషన్లు, ఒక కటింగ్ టేబులు, నిలువుటద్దం, ట్రయల్ కోసం కర్టెన్ కట్టిన ఒక మూల. నాతోపాటు సత్యవతి పనిచేస్తుంది. హెమ్మింగూ హుక్సులూ తన పని. నేను టేపు పెట్టి కొలత పైకి చదువుతుంటే పుస్తకంలో రాసేది కూడా తనే.

మా పని తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. ఒంటి కొలత వేరు, బట్ట కొలత వేరు. నడుము ఇరవై నాలుగుంటే బట్ట ఇరవై నాలుక్కి కుట్టం. కూర్చోవాలి, తినాలి, ఊపిరి తీయాలి కాబట్టి రెండు ఇంచీలు కలుపుతాం. దాన్నే లూజు అంటాం. పిల్లల బట్టలకైతే అది కాక కుట్టు లోపల ఇంకొంచెం గుడ్డ మడిచి వదులుతాం, వచ్చే ఏడాదికి విప్పుకోవచ్చని. పిల్లల కొలత ఎప్పుడూ పెరగాల్సిందే. అప్పటివరకూ ఎదిగే పిల్ల కొలత తగ్గడం నేను చూడలేదు.

రెండోది నా గొప్ప. ఇప్పుడెవరూ ప్యాటర్న్ పుస్తకం అడగరు, ఫోన్లో ఫొటో చూపించి "అచ్చం ఇలాగే కుట్టండి" అంటారు. ఆ ఫొటో మీద టేపు పెట్టి నేను లెక్క కడతాను. ఫొటోలో భుజం ఎంతుందో చూసి, ఎదురుగా ఉన్న మనిషి భుజంతో పోల్చి, భుజాల కింద యోక్ ముక్క ఎన్ని ఇంచీలు, చెయ్యి ఎంత పొడుగు, కింద కుచ్చుల ఘేరు ఎంత అని చెప్పేస్తాను. చెబితే ఆడవాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. అలా చూస్తే నాకు చెప్పలేనంత సంతోషం. ఊళ్ళో ఈ విద్య నాకొక్కదానికే వచ్చని నా నమ్మకం.

ఆ ఏప్రిల్లో సునీత టీచర్ గారు తన కూతుర్ని తీసుకొచ్చారు. ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతారు. భర్తకి రెడ్డిగూడెం రోడ్డులో మామిడికాయలు పెట్టెలకెత్తే ప్యాకింగ్ షెడ్డు ఉంది. పిల్ల పేరు కీర్తన. పదేళ్ళు, ఐదో క్లాసు అయిపోయింది. బుగ్గలు నిండుగా, రెండు జడలతో, నిలబడ్డ చోట నిలబడకుండా తిరిగే పిల్ల. మే నెలాఖర్లో హనుమాన్ జంక్షన్ చర్చిలో మేనమామ పెళ్ళి. పెళ్ళికూతురి ముందు పూలు పట్టుకుని నడిచే ఫ్లవర్ గర్ల్ ఈ పిల్లే. దానికి గౌను కుట్టాలి.

కీర్తన అమ్మ ఫోను లాక్కుని నాకు చూపించింది. ఏదో కార్టూన్లో రాకుమారి. మంచు రంగు గౌను, నేలంతా పరుచుకున్న ఘేరు, చేటంత కళ్ళు.

"ఇలా కావాలాంటీ. అచ్చం ఇలాగే."

"అలాగే కుడతాలే. ఏదీ, దీని లెక్కేంటో చూద్దాం," అని నేను నా విద్య మొదలుపెట్టాను. అప్పటికి షాపులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. చూసేవాళ్ళుంటే నాకు ఉత్సాహం ఎక్కువ.

కీర్తన భుజం పన్నెండు. ఛాతీ ఇరవై ఐదు. నడుము ఇరవై నాలుగు. ఒక్కొక్కటీ గట్టిగా చదివాను, సత్యవతి రాసింది. తర్వాత ఫోను మీద టేపు పెట్టాను. బొమ్మ భుజంలో మూడో వంతుంది బొమ్మ నడుము. అంటే కీర్తన పన్నెండు భుజం లెక్కన ఎదర నాలుగు ఇంచీలు, చుట్టూ తిప్పితే పన్నెండు, పోనీ పదమూడు.

"బాబోయ్, పదమూడంట!" అన్నాను నవ్వుతూ. "నీది ఇరవై నాలుగు. మామిడి రసాలు తెగ లాగించేస్తున్నావేంటే నువ్వు? కొంచెం తగ్గించుకునిరా, అచ్చం అలాగే కుట్టిపెడతాను."

షాపులో అందరూ నవ్వారు. సునీత గారూ నవ్వారు. పిల్ల మాత్రం నవ్వలేదు. "పెళ్ళికి ఎన్ని రోజులుందమ్మా?" అని వాళ్ళమ్మని అడిగింది. "ముప్ఫై నాలుగు," అన్నారావిడ. కీర్తన సత్యవతి దగ్గరికెళ్ళి పుస్తకంలో తన పేరు ఎక్కడ రాసిందో చూసొచ్చింది. ముచ్చట పడుతోందనుకున్నాను.

రెండు వారాలకి మొదటి ట్రయల్. ఇంకా లేసులు వేయని గౌను తొడిగి చూస్తే నడుము దగ్గర సంచిలాగా వేలాడుతోంది. టేపు పెడితే ఇరవై రెండు. నాకు ముక్కు మీద కోపం. పిల్ల కొలత తగ్గదు కాబట్టి రాయడంలోనే తప్పు జరిగిందని తేల్చేశాను. అందరి ముందూ సత్యవతిని కడిగేశాను. "నాలుక్కీ రెండుకీ తేడా తెలియదా నీకు? కళ్ళు ఎక్కడ పెట్టుకుని రాస్తున్నావు?" అన్నాను. పాపం, ఆవిడ "నువ్వు చెప్పిందే రాశానక్కా" అని ఊరుకుంది. సునీత గారు మాత్రం సంతోషంగానే ఉన్నారు. "ఎండల్లో ఆడి ఆడి కొంచెం సన్నబడిందండీ, మంచిదేగా," అన్నారు. కీర్తన అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంటోంది. అప్పుడైనా ఆ పిల్ల ముఖం సరిగ్గా చూశానా అంటే, లేదు. నేను చూసింది టేపునే.

నడుము రెండు ఇంచీలు పట్టేశాను. అంటే లోపలికి లాగి కుట్టేశాను.

పెళ్ళి ఇంక తొమ్మిది రోజులుందనగా రెండో ట్రయల్‌కి వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి, బయట అడుగు పెడితే మాడిపోయేంత ఎండ. కీర్తన మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు ఎండిపోయాయి, బుగ్గలు లేవు. "జ్వరమొచ్చిందా టీచర్ గారూ?" అన్నాను. "లేదండీ, స్కూలు అడ్మిషన్లని నేను పొద్దస్తమానం ఊళ్ళు తిరుగుతున్నాను. చాట్రాయి దాకా పంపించారు. ఇంట్లో ఏం తింటోందో ఏమో. వాళ్ళ నాన్నేమో షెడ్డు వదిలి రాడు," అన్నారావిడ.

కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళి, వేసుకున్న ఫ్రాకు మీదే టేపు తిప్పాను. టేపు కింద మేము రెండు వేళ్ళు దూరుస్తాం, బిగువు చూసుకోవడానికి. నా వేళ్ళకి గట్టిగా అంచులాంటిది తగిలింది. ఒంట్లో అలాంటి అంచు ఎక్కడా ఉండదు. టేపు మీద చూస్తే ఇరవై.

"ఏంటే ఇది లోపల?"

రెండు చేతులతో ఫ్రాకు పట్టేసుకుంది. "ఏం లేదాంటీ."

నేను ఫ్రాకు పైకెత్తాను. మామిడికాయల అట్టపెట్టెలు కట్టే ప్లాస్టిక్ స్ట్రాప్, పసుపు రంగుది, పిల్ల నడుముకి రెండు చుట్లు తిరిగి ఉంది. చేత్తో లాగి బిగించే బకిల్ ఒకటి పొట్ట పక్కన. స్ట్రాప్ అంచు కింద చర్మం చిట్లి, ఎర్రగా, కొన్నిచోట్ల తడిగా ఉంది. వాసన కూడా వస్తోంది. పదేళ్ళ పిల్ల. నోట్లోంచి అరుపు ఎప్పుడొచ్చిందో తెలియదు, సత్యవతీ సునీత గారూ పరుగెత్తుకుంటూ కర్టెన్ లోపలికొచ్చారు.

నా కటింగ్ కత్తెరని గుడ్డకి తప్ప దేనికీ వాడనివ్వను. కాగితం కోసినా మొండిబారుతుందని సత్యవతితో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. ఆ రోజు నేనే దాన్ని తీసి, పిల్ల చర్మానికి తగలకుండా వేలు అడ్డం పెట్టి, స్ట్రాప్ కోసేశాను. తెగగానే పిల్ల ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఏడ్చింది. నొప్పికి ఏడుస్తోందనుకున్నాను.

"ఎందుకు కోసేశారాంటీ? ఇంకా ఏడే ఉంది."

"ఏడేంటమ్మా?"

"పదమూడు రావాలిగా. ఇరవై వచ్చింది. ఇంకా ఏడే."

సునీత గారికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

పక్క వీధిలో ఉన్న లేడీ డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పరిగెత్తాం. ఆవిడ గాయాలు కడుగుతూ ఒక్కొక్కటే అడిగితే పిల్ల ఒక్కొక్కటే చెప్పింది. మొదట చున్నీ కట్టుకుందట. అది జారిపోతోందని షెడ్డులో నాన్న వెనకాల తిరుగుతూ స్ట్రాప్ ముక్క తెచ్చుకుందట. పది రోజులైంది. స్నానం తనే చేసుకుంటుంది కాబట్టి ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం అన్నం గిన్నె మేడ మీద పెట్టి వచ్చేదట, కోతులు తినేసేవి. రాత్రిళ్ళు పడుకున్నప్పుడు ఇంకో మెట్టు బిగించేదట, పడుకుంటే పొట్ట లోపలికి పోతుంది కాబట్టి. చెబుతున్నప్పుడు ఆ గొంతులో తప్పు చేశానన్న భయం లేదు. హోంవర్కు ఎలా చేసిందో చెబుతున్నట్టు చెప్పింది.

డాక్టరు గారు మందులు రాసి, రక్తం తీయించి, "ఇంకో వారం అయుంటే ఏమయ్యేదో చెప్పలేను," అన్నారు. పిల్లని రెండు రోజులు సెలైను మీద ఉంచారు.

ఇప్పుడు నా పిరికితనం చెప్పాలి. హాస్పిటల్ వరండాలో సునీత గారు తల బాదుకుంటూ "ఈ ఫోనే నా కొంప ముంచింది, ఆ బొమ్మలే నా పిల్లని చంపేసేవి" అంటున్నారు. నేను పక్కన కూర్చుని "అవునండీ, ఈ ఫోన్లు వచ్చాక పిల్లలు పాడైపోతున్నారు" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ బొమ్మకి నోరు లేదు. అది ఏనాడూ కీర్తనకి పదమూడు అని చెప్పలేదు. ఆ అంకె పుట్టింది నా టేపు మీద. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను. సత్యవతి నా ముఖంలోకి చూసి తల తిప్పుకుంది.

రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడోరోజు సునీత గారే షాపుకొచ్చారు, గౌను ఇంక వద్దని చెప్పడానికి. అప్పుడు చెప్పేశాను.

"టీచర్ గారూ, పదమూడు అన్నది నేను. తగ్గించుకునిరా అన్నది నేను. నా నోటి దురుసు వల్ల జరిగింది. నన్ను ఏమన్నా పడతాను."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ గౌను లేసు వేళ్ళతో నిమురుతూ కూర్చున్నారు.

"నేనూ అక్కడే ఉన్నానుగా అండీ. నేనూ నవ్వాను," అన్నారు. "కీర్తనకి రెండేళ్ళప్పుడు ముద్ద ముట్టేది కాదు. ఫోన్లో ఆ రాకుమారి బొమ్మలు పెట్టి నోట్లో పెట్టేదాన్ని. అది చూస్తూ గిన్నెడు తినేసేది. అలా ఎనిమిదేళ్ళు పెట్టాను. ఆ బొమ్మని చూస్తూ తినడం నేర్చుకుంది, ఆ బొమ్మని చూసే మానేసింది," అన్నారు.

ఎన్ని ఇళ్ళల్లో ఇదే పద్ధతి! నా మనవరాలికి నేనూ అలాగే పెట్టాను.

"గౌను మానకండి," అన్నాను చివరికి. "పిల్లని ఒకసారి తీసుకురండి. నేనన్న మాటని నేనే వెనక్కి తీసుకోవాలి. మాటలతో అయితే నమ్మదు."

మర్నాడు సాయంత్రం కీర్తన వచ్చింది, నడుముకి మెత్తటి కట్టుతో, కాటన్ గౌను వదులుగా వేసుకుని. కుర్చీలో కూర్చోబెట్టి, లైనింగ్ గుడ్డ ముక్క టేబుల్ మీద పరిచాను. ఫోన్లో ఆ బొమ్మ ఫొటో మళ్ళీ చూపించమన్నాను. "ఇవాళ లెక్క నువ్వు కట్టు," అని టేపు తన చేతికిచ్చాను. ఐదో క్లాసు పిల్ల, నాకంటే చురుగ్గా కట్టింది. నడుము పదమూడు. తను చెప్పిన అంకెలు తన కళ్ళ ముందే గుడ్డ మీద సుద్దతో గీసి, కోసి, పావుగంటలో ఆ బొమ్మ గౌను నడుము పట్టీ మిషన్ మీద కుట్టి ఇచ్చాను.

"ఇది అచ్చం ఆవిడ కొలతే. వేసుకో."

తల మీంచి దూర్చబోయింది. నుదుటి దగ్గరే ఆగిపోయింది. ఒక కాలికి తొడిగి పైకి లాగింది. పిక్క దాటి, మోకాలి దగ్గర పట్టేసింది. ఒక్క మోకాలికి! రెండు కాళ్ళకి కాదు. సత్యవతి తన చేతికి తొడుక్కుని చూస్తే మోచెయ్యి దాటి కొంచెం పైదాకా వెళ్ళింది.

కీర్తన మోకాలికి ఇరుక్కున్న ఆ పట్టీని అలాగే చూస్తూ కూర్చుంది. "ఆవిడ నడుము... నా మోకాలంతేనా?"

"అంతే."

"మరి అన్నం తింటే ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదమ్మా. లోపల పొట్ట లేదు, పేగులు లేవు. గీసినవాళ్ళు పెట్టలేదు. దానికి ఆకలేయదు కాబట్టి సరిపోయింది. అలాంటి మనిషి పుడితే పుట్టిన రోజే చచ్చిపోతుంది."

కీర్తన ఆ పట్టీని మోకాలి నుంచి లాగి తీసి టేబుల్ మీద పెట్టింది. సమస్య తీరిపోయిందని నేను లోపల్లోపల మురిసిపోతున్నాను, మళ్ళీ నా విద్య పనిచేసిందని. అప్పుడు తలెత్తి అడిగింది.

"మరి నా ఇరవై నాలుగు చెప్పినప్పుడు మీరందరూ ఎందుకు నవ్వారాంటీ?"

నేను రోజూ ఎందరినో నవ్విస్తాను. బ్లౌజు బిగిస్తే "పెళ్ళి భోజనాలు ఎక్కువయ్యాయా" అంటాను, సన్నగా ఉంటే "గాలికి ఎగిరిపోతావే" అంటాను. ఈ అలవాటు నా వ్యాపారమంత పాతది. ఎవరూ ఇంతవరకూ ఎందుకని అడగలేదు. ఆ పిల్లని నెలరోజులు మాడ్చింది పదమూడు మాత్రమే కాదు, ఇరవై నాలుక్కి వచ్చిన మా నవ్వు కూడా. ఆ బొమ్మ ఆశ చూపించింది, సిగ్గు మేము నేర్పాం.

"తప్పు చేశాం తల్లీ," అన్నాను. "పదేళ్ళ పిల్లకి ఇరవై నాలుగు సరైన నడుము. నవ్వాల్సింది ఏమీ లేదు. నవ్వడం నాది తప్పు." పక్కన సత్యవతి ఉంది. ఆవిడకీ చెప్పాల్సింది ఉంది కాబట్టి అప్పుడే చెప్పాను. "నువ్వు సరిగ్గానే రాశావు. నేనే అనవసరంగా నోరు పారేసుకున్నాను." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. కీర్తన మాత్రం క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

గౌను మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. నడుము దగ్గర కుట్టే లేకుండా ఛాతీ కింద నుంచే ఘేరు వదిలాను, లోపల పాత మెత్తటి కాటన్ వేశాను, పుండు మీద ఏదీ రాసుకోకుండా. కీర్తనకి అది పూర్తిగా నచ్చలేదు. "అలా లేదుగా," అంది అద్దంలో చూసుకుని. లేదన్నాను. పెళ్ళిలో పూలు పట్టుకుని నడిచింది. పెళ్ళి భోజనంలో రెండు ముద్దలు తిని లేచిపోయిందని సునీత గారు ఫోన్ చేశారు. పళ్ళెం ఖాళీ చేయడానికి ఆర్నెల్లు పట్టింది. డాక్టరు గారు పంపిస్తే విజయవాడలో పిల్లల మనసు చూసే ఒక మేడం దగ్గరికి కూడా నెలనెలా తీసుకెళ్ళారు. క్రిస్మస్ ఫ్రాకుకి వచ్చినప్పుడు నడుము ఇరవై నాలుగున్నర ఉంది. సునీత గారు కర్టెన్ బయట నిలబడి ఏడుస్తున్నారు. నేను ఆ అంకె పైకి చదవలేదు, రాసి పుస్తకం మూసేశాను.

అప్పట్నుంచి నా షాపులో కొలతలు ఎవరికీ వినపడవు. నేనే తీస్తాను, నేనే రాసుకుంటాను. బొమ్మల మీద టేపు పెట్టడం మానేశాను. "పెళ్ళి నాటికి తగ్గుతాను, రెండు ఇంచీలు బిగించి కుట్టండి" అనే పెద్దవాళ్ళు ఇప్పటికీ వస్తారు, పక్కన కూతుళ్ళని పెట్టుకునే అంటారు. "ఇవాళ ఉన్న ఒంటికే కుడతాను" అంటాను. కొందరు కోపమొచ్చి వేరే టైలర్ దగ్గరికి పోయారు. పోనీ.

కానీ అసలు నేర్చుకున్నది ఇవేవీ కాదు. ఇన్నేళ్ళలో వందలమంది ఆడపిల్లల నడుముకి టేపు చుట్టాను. చుట్టగానే వాళ్ళేం చేస్తారో ఇప్పుడే చూడటం మొదలుపెట్టాను. పొట్ట లోపలికి లాక్కుంటారు. ఊపిరి బిగపడతారు. చక్కిలిగిలేమో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఒక్కరు కాదు, దాదాపు అందరూ. ఇది తెలిశాక నాకు నా షాపే కొత్తగా, భయంగా కనిపించింది.

మొన్న వచ్చిన పిల్లకి ఆరేళ్ళు. పుట్టినరోజు గౌను. చేతిలో ఫోను, ఫోన్లో ఇంకో రాకుమారి. టేపు ఇలా పెట్టానో లేదో అలా ఊపిరి బిగపట్టింది. ఆరేళ్ళకే! నేను టేపు వదులుగా పట్టుకుని ఊరుకున్నాను. ముఖం ఎర్రబడుతోంది గానీ వదలడం లేదు.

"ఊపిరి వదులమ్మా," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిపీ కదపకుండా, గుసగుసగా అడిగింది. "వదిలితే ఎంతొస్తుందాంటీ?"

"ఎంతొస్తే అంతకి కుడతాను తల్లీ. అది నా పని. నువ్వు ఊపిరి పీల్చుకో."

అప్పుడు వదిలింది.